“జాతి పేరెత్తలేదు కాబట్టి వివక్ష లేదు” అన్న జవాబుకు

లండన్‌లో మీ అబ్బాయిని పోలీసులు రోడ్డు మీద ఆపి సోదా చేయడం, ఫిర్యాదు చేస్తే ఇలా తేల్చేయడం చదివి చాలా బాధేసిందండీ. దయచేసి అక్కడితో వదిలేయకండి.

వివక్ష అంటే నోటితో తిట్టడం ఒక్కటే కాదు. పోలీసుల మీద ఫిర్యాదులను పర్యవేక్షించే ఐఓపీసీ మార్గదర్శకాలు తీసి చూడండి. అదే పరిస్థితిలో వేరే జాతివాళ్ళతో ఆ ఆఫీసరు ఎలా ఉన్నాడు, అతని మీద ఇదివరకు ఇలాంటి ఫిర్యాదులొచ్చాయా అన్నది విచారణలో చూడాలి. మీకొచ్చిన ఉత్తరంలో ఈ రెండింటి ఊసే లేకపోతే, మీరు పట్టుకోవాల్సింది సరిగ్గా అదే.

ఆ ఉత్తరం తేదీ తర్వాత 28 రోజుల్లోపు ఆ నిర్ణయాన్ని రివ్యూకి పెట్టండి. ఐఓపీసీకి పంపాలా, మేయర్ ఆఫీసుకా అన్నది ఆ ఉత్తరంలోనే ఉంటుంది. సోదా రికార్డు కాపీ, సోదా జరిగిన 3 నెలల్లోపు అడిగి తీసుకోండి, ఎందుకు ఆపారో అందులో రాసుండాలి.

నల్లజాతి కుర్రాడు స్టీఫెన్ లారెన్స్ హత్య కేసులో పోలీసుల తీరుపై వచ్చిన 1999 మెక్‌ఫర్సన్ నివేదిక తర్వాతే, 2000 సవరణతో, పోలీసు విధులు పూర్తిగా జాతి సమానత్వ చట్టం కిందికొచ్చాయి. ఇప్పుడు వర్తించేది 2010 ఈక్వాలిటీ చట్టం. దాని కింద కౌంటీ కోర్టులో కేసు వేయాలంటే ఘటన జరిగిన 6 నెలల్లోపే వేయాలి. రివ్యూ నడుస్తోంది కదా అని ఆ గడువు ఆగదు, లాయర్‌ని ఈ వారమే కలవండి.