సంక్రాంతి ఏటా జనవరి 14నో 15నో ఎందుకు వస్తుంది?

సంక్రాంతిని తిథిని బట్టి కాకుండా సూర్యుడు మకర రాశిలోకి అడుగుపెట్టే ఘడియను బట్టి లెక్కిస్తారు, అందుకే తేదీ పెద్దగా మారదు. ఉగాది, దీపావళి తిథుల పండగలు. చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులే కాబట్టి, అధికమాసం వచ్చి సర్దేదాకా అవి ఏటా పది పదకొండు రోజులు ముందే వచ్చేస్తాయి. సంక్రాంతికి ఆ గొడవ లేదు. సార్వా కోతలై, కొత్త ధాన్యం ఇంటికి చేరి, ఆ బియ్యప్పిండితో అరిసెలు వండే రోజులకు సరిగ్గా అందుతుంది.

అలాగని 14 శాశ్వతమేమీ కాదు, సుమారు 70 ఏళ్లకో రోజు ఆలస్యమవుతుంది. వివేకానందుడు పుట్టిన 1863లో సంక్రాంతి జనవరి 12నే వచ్చింది.

ఆ రోజే సూర్యుడు ఉత్తరానికి మళ్లుతాడని చాలామంది అనుకుంటారు. ఆకాశంలో ఆ మలుపు డిసెంబరు 21, 22 తేదీల్లోనే అయిపోతుంది.