చెట్ల ఫిజియాలజీలో పీహెచ్‌డీ: చేరే ముందు ఒకసారి ఆ ల్యాబ్ వాళ్లతో అడవికి వెళ్లిరా

అడిగిన ప్రశ్న: "అక్కా, తిరుపతిలో ఎమ్మెస్సీ బోటనీ చివరి సంవత్సరం చదువుతున్నా. మాది పలమనేరు దగ్గర పల్లె. అడవి చెట్ల ఫిజియాలజీ ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేయాలని ఉంది. నాన్నేమో బయోటెక్ తీసుకోమంటున్నాడు, అమ్మాయిని కదా, అడవి అంటే భయపడుతున్నాడు. అక్కడ అసలు ఏం పని ఉంటుంది, ఎలాంటి మనుషులు ఉంటారు?"

అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తాను. చెట్టు లోపలి పనులు ఎలా నడుస్తాయో చూసే అలాంటి ల్యాబ్‌లోనే నేను పీహెచ్‌డీ పూర్తి చేశాను. ల్యాబ్‌లో ఏ మిషన్లు ఉన్నాయని అడగడం కన్నా, వాళ్లతో అడవికి ఎవరెవరు వెళ్తారని అడుగు. నీ నాలుగైదేళ్లు ఎలా గడుస్తాయన్నది చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు పని సంగతి. మనకు వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడుతుంది. ఆ తర్వాత నెలల తరబడి ఎండే. రాళ్ల నేల, పైన పలుచటి మట్టి. అలాంటి చోట ఎర్రచందనం, చిరుమాను, బిల్లుడు, తంబజాలారి చెట్లు ఎలా నిలబడుతున్నాయి? ఎండాకాలం ముందు ఆకు రాల్చేసి, మళ్లీ వాన పడకముందే చిగురు వేసే చెట్లు ఈ అడవిలో చాలా ఉన్నాయి. ఆ చిగురుకి నీళ్లు ఎక్కడివి? ఎండు అడవుల మీద పనిచేసినవాళ్లు దీనికి ఒక వివరణ ఇచ్చారు. ఆకు రాలిపోగానే చెట్టు నుంచి పోయే నీళ్లు బాగా తగ్గిపోతాయి. లోతు వేర్లు తెచ్చే కొద్దిపాటి నీళ్లతో మాను మెల్లగా నిండుతుంది, ఆ బలంతో చిగురేస్తుంది. ఈ మాట ఏ చెట్టుకి ఎంతవరకు నిజమో కొలిచి చూడటమే మన పని.

కొలిచేది ఎలాగంటే, వేరు నుంచి ఆకు దాకా దారువులో, అంటే నీళ్లు మోసే సన్నటి గొట్టాల్లో, నీళ్లు లాగి పట్టుకున్న తీగలా ఉంటాయి. ఆకుల నుంచి ఆవిరైపోయే నీరే కింది నీటిని పైకి లాగుతుందని డిక్సన్, జోలీ 1894లోనే చెప్పారు. ఆ లాగుడు ఎంతుందో అడవిలోనే కొలిచే ప్రెజర్ చాంబర్ పద్ధతిని షోలాండర్ బృందం 1965లో ప్రచురించింది. ఇప్పటికీ దాన్నే వాడుతున్నాం. ఆకుని కాడతో కోసి, ఉక్కు గిన్నెలో బిగిస్తాం. కాడ కోసిన కొస మాత్రం రబ్బరు బిరడా నుంచి బయటికి ఉంటుంది. లోపలికి నైట్రోజన్ గ్యాస్ మెల్లమెల్లగా వదులుతూ, భూతద్దంలో ఆ కొసనే చూస్తుండాలి. పొడిగా, పాలిపోయినట్టు ఉన్న కొస ఉన్నట్టుండి నల్లబడి తడిగా మెరుస్తుంది. ఆ క్షణాన మీటరు మీద ఎంతుందో అదే ఆ లాగుడి లెక్క. కారు టైరులో గాలి రెండు బార్ల చిల్లర. ఎండాకాలం మధ్యాహ్నం ఈ చెట్ల ఆకుల్లో 20 బార్లు దాటడం మామూలే. ముఖం నేరుగా దాని పైన పెట్టకూడదు, రక్షణ కళ్లద్దాలు లేకుండా అసలు ముట్టుకోకూడదు. ఇది నేర్పించకుండా పనిలోకి దింపే ల్యాబ్ అయితే వద్దు.

మొదటి కొలత తెల్లవారకముందే తీయాలి. రాత్రంతా పత్రరంధ్రాలు దాదాపు మూసుకుని ఉంటాయి కాబట్టి, తెల్లవారుజాముకి చెట్టులోని లాగుడు వేళ్ల దగ్గరి మట్టితో సమానంగా వచ్చి ఉంటుంది. అంటే చీకట్లో మామండూరు వైపో, తలకోన వైపో బయల్దేరాలి. శేషాచలంలో ఏనుగులు ఉన్నాయి, మీ నాన్న భయం ఉత్తిది కాదు. అందుకే మనుషుల గురించి ఇంతగా చెబుతున్నా.

మాతో వచ్చే వాచర్, అంటే అడవి కాపలా చూసే ఆయన, ఒకరు ఉండేవాడు. గాలి ఎటు వీస్తోందో చూసి, ఒక్కోసారి "ఈరోజు వద్దమ్మా, రేపు చూద్దాం" అనేవాడు. మా గైడ్ ఆ మాటని ఎప్పుడూ కాదనలేదు. అదే నాకు ఆ ల్యాబ్ మీద గురి కుదిర్చింది. ఆకులన్నీ రాలిపోయిన ఫిబ్రవరిలో మాకు ఆకులు ఎండబెట్టి అతికించిన హెర్బేరియం షీట్లు ఏం పనికొస్తాయి? ఆయన బెరడు చూసి చెప్పేవాడు. మొసలి చర్మంలా పలకలు పలకలుగా పగిలి, గాటు పడిన చోట ఎర్రటి బంక కారి ఉంటే ఎర్రచందనం. నునుపుగా, తెల్లగా ఉంటే చిరుమాను. ఏ కొమ్మకి ఎండ తగులుతుందో చూసి దోటితో కరెక్టుగా దాన్నే దింపేవాడు. నీడలో ఉన్న ఆకు తెస్తే లెక్కే మారిపోతుంది. మా థీసిస్‌లోని ప్రతి అంకె వెనక ఆయన చెయ్యి ఉంది.

ల్యాబ్‌లో అటెండర్ కూడా అంతే. ఆకుల కవర్లు ఓవెన్‌లో ఎప్పుడు పెట్టాడో, ఎప్పుడు తీశాడో రాసి పెట్టేవాడు. ఆరబెట్టిన బరువుల్లో తేడా వస్తే మాకన్నా ముందు ఆయనకే తెలిసేది. సీనియర్లు, గైడ్ సరేసరి, వాళ్ల గురించి నీకు డిపార్ట్‌మెంట్‌లో ఎవరైనా చెబుతారు.

అమ్మాయివి కాబట్టి ఇంకొన్ని నేరుగా అడుగు. చీకట్లో వెళ్లేటప్పుడు డిపార్ట్‌మెంట్ బండి ఉంటుందా, ఇంకో అమ్మాయి తోడు వస్తుందా, నెలసరి రోజుల్లో ఫీల్డ్ మార్చుకోవచ్చా? వీటికి మొహమాటపడకు. మంచి గైడ్ వీటిని తనే ముందు చెబుతారు. అటవీశాఖ అనుమతి సంగతి కూడా కనుక్కో. ఎర్రచందనం ఉన్న అడవిలో ఆకు కోయడానికైనా కాగితం చేతిలో ఉండాలి. అది రావడానికి నెలలు పట్టొచ్చు, దానికి టెన్షన్ పడకుండా ఆ సమయంలో నర్సరీ మొక్కల మీద ప్రయోగం పెట్టుకోవాలి.

నాన్నకి డబ్బు సంగతి చెప్పు. సీఎస్‌ఐఆర్ నెట్‌లో లైఫ్ సైన్సెస్ రాసి జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ వేరే. ఫెలోషిప్ లేకుండా చేరితే కష్టం, నేనైతే ఇంకో ఏడాది చదివైనా రాయమంటాను. తర్వాత లెక్చరర్ పోస్టులు, హైదరాబాద్, కోయంబత్తూరు, బెంగళూరుల్లోని అటవీ పరిశోధనా సంస్థలు, ఫారెస్ట్ సర్వీస్ పరీక్షలు ఉన్నాయి. బయోటెక్‌కి ఉన్నన్ని ప్రైవేటు ఉద్యోగాలు దీనికి లేవు, అది దాచి ఆయన్ని ఒప్పించొద్దు.

ఈలోగా శోధ్‌గంగలో (యూనివర్సిటీల థీసిస్‌లు పెట్టే వెబ్‌సైట్) ఆ ల్యాబ్ నుంచి వచ్చిన థీసిస్‌లు రెండు మూడు తెరిచి చూడు. మొదట కృతజ్ఞతల పేజీ చదువు. వాచర్ల పేర్లు, అటెండర్ పేరు ఉన్నాయా? ఉంటే ఆ గైడ్‌కి మెయిల్ పెట్టి, ఏప్రిల్‌లో ఒక ఫీల్డు రోజుకి రావచ్చా అని అడుగు. ఒప్పుకుంటే ముందు రోజు రాత్రే చిత్రాన్నం చేసి బాక్సులో పెట్టుకో, బూట్లు వేసుకో, నీళ్లు రెండు బాటిళ్లు ఎక్కువే తీసుకెళ్లు. వీలైతే మీ నాన్నని డిపార్ట్‌మెంట్ దాకా తీసుకెళ్లి, ఆ వాచర్‌తో ఒకసారి మాట్లాడించు.