జీహెచ్ కోసం ఇంకొంచెం పన్ను కట్టాలా?

జీహెచ్ అని మనం పిలుచుకునే ప్రభుత్వాసుపత్రులు బాగుపడాలంటే స్తోమత ఉన్నవారు ఇప్పటికంటే కొంత ఎక్కువ పన్ను కట్టడానికి సిద్ధపడాలని గత సంచికలో రాశాను. దానిపై చెన్నై నుంచి వచ్చిన ఉత్తరాల్లో మూడింటికి ఈసారి జవాబిస్తున్నాను. మొదటి ఉత్తరం గట్టిగా నిలదీసింది కాబట్టి దానికే ఎక్కువ చోటు ఇవ్వవలసి వచ్చింది.

ప్రశ్న: నేను చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. ఇంటి అప్పు ఉన్నందువల్ల, మినహాయింపులు దొరికే పాత పన్ను విధానంలోనే కొనసాగుతున్నాను. నిరుడు 2,00,000 రూపాయల ఆదాయపు పన్ను, దానిపై అదనంగా పడే సెస్సు 8,000 రూపాయలు కట్టాను. నాకు కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్స్ ఉంది. నెల్లూరు నుంచి వచ్చి మాతోనే ఉంటున్న మా అమ్మకు 67 ఏళ్ళు. ఆవిడ పాలసీకి విడిగా ఏడాదికి 38,000 రూపాయలు కడుతున్నాను. ఇంతవరకు మా ఇంట్లో ఎవరూ ప్రభుత్వాసుపత్రి గడప తొక్కలేదు. వాడుకోని దానికి ఇంకా కట్టమనడం ఏం న్యాయం? ముందు ఉన్న డబ్బును సరిగ్గా ఖర్చుపెట్టమనండి.
— ఒక పాఠకురాలు, వేళచ్చేరి

జవాబు: అమ్మా, మీ కోపం సబబైనదే. జీతం చేతికి రాకముందే పన్ను కోత పడేవారికి ఆ మాట అడిగే హక్కు అందరికంటే ఎక్కువ ఉంది. మీరు అంకెలు రాశారు కనుక అంకెలతోనే మొదలుపెడతాను.

2018 బడ్జెట్టుకు ముందు ఆదాయపు పన్ను మీద 3 శాతం విద్యా సెస్సు ఉండేది. ఆ బడ్జెట్టులో దాన్ని 4 శాతం చేసి, ఆరోగ్య, విద్యా సెస్సు అని పేరు మార్చారు. అప్పుడు పెరిగిన ఆ 1 శాతాన్ని ఆరోగ్యం వాటాగా లెక్కవేస్తే, మీరు సెస్సుగా కట్టిన 8,000 రూపాయల్లో ఆరోగ్యానికి వెళ్ళేది 2,000. నెలకు చూసుకుంటే 170 రూపాయలు కూడా కాదు. ఇప్పుడు రెండో వైపు చూడండి. పాత విధానంలో ఉన్నారు కాబట్టి, అమ్మగారి పాలసీకి కట్టిన 38,000 రూపాయలను సెక్షన్ 80డి కింద ఆదాయంలోంచి తగ్గించుకునే ఉంటారు. మీ పన్నును బట్టి మీరు 30 శాతం శ్లాబులో ఉన్నారు. సెస్సుతో కలిపి ఆ మినహాయింపు వల్ల మీకు మిగిలినది 11,856 రూపాయలు. ఖజానాకు రావలసి ఉండీ రాకుండా పోయిన ఈ సొమ్ము కూడా ఆరోగ్యం పేరిట ప్రభుత్వం పెట్టిన ఖర్చే. అది ప్రభుత్వాసుపత్రికి కాకుండా ప్రైవేటు బీమాకు వెళ్ళింది, అంతే తేడా. మీరు చేసింది తప్పని అనడం లేదు. తల్లికి పాలసీ తీసుకోవడం బిడ్డగా మీరు చేయవలసిన పనే. మామూలు పన్నులోంచి కూడా ఆరోగ్య శాఖకు కొంత వెళ్తుందన్నదీ నిజమే. అయినా, సమాజం నుంచి తనకేమీ రాకుండా తానే ఇస్తున్నట్లు భావించడం మాత్రం ఈ లెక్క ముందు నిలవదు.

ఇక గడప తొక్కలేదన్న మాట. మీ కార్పొరేట్ ఆసుపత్రిలో చెయ్యి పట్టి నాడి చూసే డాక్టర్లలో ఎంతమంది 1835లో మొదలైన మద్రాసు మెడికల్ కాలేజీలోనో, స్టాన్లీలోనో, కీళ్పాక్కంలోనో చదివారో ఒకసారి గోడ మీది పేర్ల పలకల్లో డిగ్రీలు చదివితే తెలుస్తుంది. వారికి చెయ్యి తిరిగింది ప్రభుత్వాసుపత్రి వార్డుల్లోని పేషెంట్ల దగ్గర. 2020లో కరోనా వచ్చినప్పుడు ఈ నగరంలో సెంట్రల్ స్టేషన్ ఎదుటి రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి, గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ మోసిన భారం మీకు గుర్తుండే ఉంటుంది. మీరు రోజూ వెళ్ళే ఓఎంఆర్‌లో ప్రమాదం జరిగితే, 2021 డిసెంబరులో తమిళనాడు ప్రభుత్వం మొదలుపెట్టిన 'ఇన్నుయిర్ కాప్పోం' పథకం కింద మొదటి 48 గంటల వైద్యం ఉచితం. గాయపడినవారు ఏ రాష్ట్రంవారని గానీ, ఎంత సంపాదిస్తారని గానీ అక్కడ అడగరు. వాడుకోవలసి రాకపోవడం మీ అదృష్టం, అది ఎల్లప్పుడూ అలాగే ఉండాలని కోరుకుంటాను. కానీ మీకోసం అది సిద్ధంగా ఉంది, ఆ సిద్ధంగా ఉండడానికే డబ్బు అవుతుంది.

ఉన్న డబ్బును సరిగ్గా ఖర్చుపెట్టమన్నారు. అందులో సగం మీతో ఏకీభవిస్తాను. రెండేళ్ళ క్రితం మా బావగారికి స్కాన్ కావలసి వచ్చి ఒక ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్ళాను. ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ అనవసరం. ఐదు వారాల తర్వాతి తేదీ రాసిచ్చారు. యంత్రం పాడైందేమో అనుకున్నాను. తలుపు సందులోంచి చూస్తే రెండు యంత్రాలున్నాయి, ఒకదాని మీద గుడ్డ కప్పి ఉంది. అక్కడ కూర్చున్న నర్సమ్మను అడిగితే, రెండూ బాగానే ఉన్నాయనీ, నడిపే టెక్నీషియను పగటి షిఫ్టులో ఒక్కరే ఉన్నారనీ చెప్పింది. దీన్ని వృథా అనాలా, కొరత అనాలా? యంత్రం కొనడానికి డబ్బు ఒకేసారి వస్తుంది, ప్రారంభోత్సవం జరుగుతుంది, ఫోటో వస్తుంది. మనిషిని పెట్టుకోవడానికి ప్రతి నెలా, ప్రతి ఏడూ డబ్బు రావాలి. అది రానప్పుడే యంత్రం మీద గుడ్డ పడుతుంది. కాబట్టి వృథాను ఆపడానికి కూడా నిలకడగా వచ్చే డబ్బు కావాలి.

2017 జాతీయ ఆరోగ్య విధానం, ప్రభుత్వాల ఆరోగ్య వ్యయాన్ని 2025 నాటికి జీడీపీలో 2.5 శాతానికి తీసుకువెళ్తామని రాసుకుంది. జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం 2021-22లో మనం ఉన్నది 1.84 శాతం దగ్గర. ఆ ఖాతాల్లోనే ఇంకో అంకె ఉంది. 2013-14లో వైద్యానికైన ప్రతి 100 రూపాయల్లో 64 రూపాయలు జనం తమ చేతి నుంచి పెట్టుకున్నవే. 2021-22 నాటికి అవి 39 అయ్యాయి. ఆ మధ్యకాలంలోనే ప్రభుత్వ వ్యయం 1.15 శాతం నుంచి 1.84 శాతానికి పెరిగింది. పెట్టిన డబ్బు బూడిదలో పోసిన పన్నీరు కాలేదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఆధారం నా దగ్గర లేదు.

అయితే ఆ డబ్బును ఎవరి దగ్గర, ఏ రూపంలో వసూలు చేయాలన్న విషయంలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. సెస్సును ఇంకా పెంచడానికి నేను ఒప్పుకోను. రాజ్యాంగం ప్రకారం ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి; జీహెచ్‌ను నడిపేది తమిళనాడు ప్రభుత్వం. మామూలు ఆదాయపు పన్ను పెరిగితే, పదిహేనో ఆర్థిక సంఘం చెప్పినట్లు రాష్ట్రాలకు పంచే నిధిలో 41 శాతం వాటి చేతికి వస్తుంది. సెస్సు, సర్‌చార్జీ ఆ నిధిలోకే రావు, పూర్తిగా కేంద్రం దగ్గరే ఉండిపోతాయి. 2021 మార్చిలో ఈ సెస్సులోని ఆరోగ్యం వాటా కోసం ఏడాది చివర మురిగిపోని ప్రత్యేక నిధిని ఏర్పాటుచేశారు, అది మంచి పనే. కానీ దాన్ని ఎక్కడ ఖర్చుచేయాలో నిర్ణయించేది ఢిల్లీ, టెక్నీషియను లేక ఇబ్బందిపడేది ఇక్కడి ఆసుపత్రి. రెండో మాట వరుసక్రమం గురించి. 2019 సెప్టెంబరులో మినహాయింపులు వదులుకునే కంపెనీల పన్ను రేటును 30 నుంచి 22 శాతానికి తగ్గించారు. ఆరోగ్యం కోసం పన్ను పెంచేటట్లయితే ముందు అక్కడికి, తర్వాత మీకంటే ఎన్నో రెట్లు సంపాదించేవారి దగ్గరికి, ఆ తర్వాతే మీ దగ్గరికి రావాలి. అప్పుడు కూడా, మీ వంతు వచ్చినప్పుడు, కాదనవద్దనే కోరుతున్నాను.

ప్రశ్న: తమిళనాడులో ముఖ్యమంత్రి బీమా, కేంద్రానిది ఆయుష్మాన్ భారత్, మన ఆంధ్రలో 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఉన్నాయి. అందరికీ ఒక కార్డు ఇచ్చి ప్రైవేటుకు పంపిస్తే సరిపోదా? ఆసుపత్రులు నడిపే తలనొప్పి ప్రభుత్వానికి ఎందుకు?
— ఒక పాఠకుడు, పెరంబూరు

జవాబు: ఆ కార్డుల వల్ల గుండె ఆపరేషన్లు జరిగి ప్రాణాలు దక్కినవారిని నేనెరుగుదును, వాటిని తక్కువ చేసి మాట్లాడను. అయితే కార్డు పలికేది ముఖ్యంగా ఆసుపత్రిలో చేరినప్పుడే. మన ఇళ్ళను గుల్ల చేసేది ఆపరేషన్ ఒక్కటే కాదు. బీపీకి, షుగరుకు ఏళ్ళ తరబడి, ప్రతి నెలా, మందుల షాపులో కట్టే బిల్లు.

ఈ విషయంలో తమిళనాడు చేసిన పని దేశానికే పాఠం. 1994లో తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ ఏర్పడింది. రాష్ట్రం మొత్తానికి మందులను బ్రాండు పేరుతో కాక అసలు మందు పేరుతో టోకున కొని, పరీక్ష చేయించి, జిల్లా గిడ్డంగుల్లో ఉంచుతుంది. ప్రతి ఆసుపత్రికీ బ్యాంకు వాళ్ళిచ్చేటటువంటి పాసుబుక్కు ఉంటుంది. తమకు కేటాయించిన మొత్తంలోంచి కావలసిన మందు తీసుకుని అందులో రాయించుకుంటారు. నేను నెలకొకసారి మా పేటలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి వెళ్తాను. కిటికీ అవతల ఫార్మసిస్టు అమ్మాయి చీటీ చూసి, మాత్రల పట్టీని 30 దగ్గర కత్తెరతో కత్తిరించి, ఉదయానిది ఒక కవరులో, రాత్రిది ఇంకో కవరులో వేసి ఇస్తుంది. పట్టీ వెనుక తమిళనాడు ప్రభుత్వ సరఫరా, అమ్మకానికి కాదు అని అచ్చు వేసి ఉంటుంది. ఆ కిటికీ దగ్గర ఎవరూ నన్ను కార్డు అడగలేదు, పైసా తీసుకోలేదు. 2021 ఆగస్టులో కృష్ణగిరి జిల్లాలో మొదలైన 'మక్కళై తేడి మరుత్తువం' పథకంలో ఇవే మాత్రలను కదలలేనివారికి ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. తెలుగువారు ఎందరో ఉన్న జిల్లా అది.

బీమా కార్డు ఈ పని చేయదు. పైగా ప్రభుత్వాసుపత్రి లేని చోట కార్డు పట్టుకున్న మనిషికి ప్రైవేటు చెప్పిన రేటు తప్ప వేరే దారి ఉండదు. అందుకే పెరిగే పన్నులో పెద్ద భాగం ప్రీమియాలకు కాక, మాత్రలకు, నర్సుల, టెక్నీషియన్ల జీతాలకు వెళ్ళాలంటాను.

ప్రశ్న: నేను టైలరును. మా ఇంట్లో ఎవరూ ఆదాయపు పన్ను కట్టరు. నా భార్యకు స్టాన్లీ ప్రభుత్వాసుపత్రిలో వైద్యం జరుగుతోంది. ఉద్యోగం చేసే మా మేనల్లుడు, "మీరంతా మా పన్నుల మీద బతుకుతున్నారు మామా" అంటాడు. ఆ మాట విన్నప్పటి నుంచి ఆసుపత్రికి వెళ్ళాలంటే నాకు చిన్నతనంగా ఉంది. రోజూ బైకు మీద పూనమల్లి హైరోడ్డులో పోయి వచ్చే కుర్రవాడు, మనసు చెడ్డది కాదు. ఏమని చెప్పను?
— ఒక పాఠకుడు, పాత వాషర్‌మెన్‌పేట

జవాబు: అన్నా, మీ ఉత్తరం చదివి మనసు కష్టపెట్టుకున్నాను. మీరు పన్ను కట్టడం లేదని ఎవరన్నారు? మీ ఫోనుకు 299 రూపాయల రీచార్జి చేయించుకుంటే, 18 శాతం జీఎస్టీ కింద అందులో 45 రూపాయలకు పైనే పన్ను. మీ మేనల్లుడు అదే రీచార్జి చేయించుకుంటే ఆయన కట్టేదీ అంతే, పైసా ఎక్కువ కాదు. ఆయన బైకులో పోయించే పెట్రోలు మీద కేంద్రం ఎక్సైజు, రాష్ట్రం వ్యాట్ తీసుకుంటాయి. మీ సరుకులు తెచ్చే ఆటోలో పోసే డీజిలు మీదా తీసుకుంటాయి, ఆ భారం చివరకు పడేది మీరు కొనే సరుకు మీదే. సంపాదించినదంతా ఇంటి ఖర్చుకే సరిపోయే మీలాంటివారికి, రాబడితో పోల్చి చూస్తే, ఈ పన్ను ఆయనకంటే బరువు. జీతం మీద పన్నుకు రసీదు ఉంటుంది, దీనికి ఉండదు, అందుకే ఆయనకు కనబడలేదు.

వదినగారి వైద్యాన్ని ఒక్క రోజు కూడా ఆపవద్దు, ఓపీ చీటీ కోసం నిలబడడానికి సంకోచించవద్దు. మేనల్లుడికి ఈ రీచార్జి లెక్క చూపించండి. రోజూ హైరోడ్డులో బైకు మీద తిరుగుతాడని రాశారు కనుక పైన చెప్పిన 48 గంటల పథకం సంగతి కూడా ఆయనకు వివరంగా చెప్పండి. బీమా కార్డు ఉన్నవారికీ లేనివారికీ అక్కడ వైద్యం ఒకటే.