ఫ్రిజ్ మీద చీటీ

ప్రశ్న: అమ్మా, నా వయసు 24. మాది జంగారెడ్డిగూడెం దగ్గర పల్లెటూరు. ఏడాదిన్నరగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. కొండాపూర్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో నలుగురు అమ్మాయిలం ఉంటున్నాం. అద్దె 32,000, మనిషికి 8,000. అగ్రిమెంట్ నా పేరు మీదే ఉంది, మార్చి నెలాఖరుకి అయిపోతుంది. అడ్వాన్స్ 64,000లో 40,000 నేనే పెట్టాను. పామాయిల్ గెలలు అమ్మిన డబ్బులోంచి నాన్న ఇచ్చారు. మిగతా ముగ్గురూ తలా 8,000 వేశారు.

నా గదిలో ఉండేది ఇంజినీరింగ్‌లో నా క్లాస్‌మేట్. అద్దె ఎప్పుడూ టైమ్‌కి ఇవ్వదు. అద్దె, కరెంటు బిల్లు, సరుకులు కలిపి నాకు 23,000 బాకీ ఉంది. కానీ శనివారం వచ్చిందంటే ప్లాన్లన్నీ తనవే. కెఫేలు, సినిమాలు, అనంతగిరి, ఒకసారి గోకర్ణ కూడా. రానంటే ‘బోర్ కొట్టకే’ అంటుంది. వెళ్తే బిల్లు నా కార్డు మీద కట్టించి, తర్వాత పంచుకుందాం అంటారు. సగం సార్లు ఆ పంచుకోవడం జరగదు. ఇప్పుడు కార్డు మీద 41,000 ఉంది, మినిమమ్ డ్యూ (బ్యాంకు అడిగే కనీస మొత్తం) మాత్రమే కడుతున్నాను. శనివారం రాత్రి తన ఫ్రెండ్స్ వస్తారు, రెండింటి దాకా గోల. ఆదివారం పనామె రాదు, గిన్నెలన్నీ నేనే తోముతాను. పాలు ఎవరు తాగితే వాళ్ళే తేవాలని ఫ్రిజ్ మీద చీటీ అంటించాను. అప్పటినుంచి వెనకాల నన్ను ‘వార్డెన్’ అని నవ్వుకుంటున్నారట. అది తెలిసిన రోజు బాత్‌రూమ్‌లో కూర్చుని ఏడ్చాను. ఇంట్లో చెబితే ఉద్యోగం మానేసి వచ్చెయ్, సంబంధాలు చూస్తాం అంటారు. (తమ్ముడి ఫీజుకి అడిగినప్పుడు బోనస్ పడలేదని అమ్మకి అబద్ధం చెప్పాను, అది వేరే విషయం.) ఆదివారం రాత్రి నిద్ర పట్టదు. ఫ్లాట్ వదిలేయాలా, ఫ్రెండ్‌షిప్ వదులుకోవాలా?

– ఒక అమ్మాయి, హైదరాబాద్

జవాబు: తల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నీ రూమ్మేట్ మీద నాకూ కోపం వచ్చింది. రెండోసారి చదివేటప్పుడు నా కళ్ళు ఆ బ్రాకెట్ల దగ్గర ఆగిపోయాయి. ‘అది వేరే విషయం’ అన్నావు. కాదు. దాని దగ్గరికి వస్తాను, ముందు చీటీ సంగతి చూద్దాం.

ఆ చీటీ నువ్వు పాల కోసం అంటించావా? అరలీటరు పాలకోసం నీకంత కోపం వచ్చి ఉండదు. ఇరవై మూడు వేలు అడగలేక పాల ప్యాకెట్ అడిగావు. పెద్ద మాట నోట్లోనే ఉండిపోతే ఇలాగే అవుతుంది, చిల్లర మాటలై బయటికి వస్తుంది. లైటు ఆర్పలేదని, గీజర్ ఆపలేదని, సింకులో బిరియానీ డబ్బా ఎండిపోయిందని. అసలు బాకీ సంగతి ఆ అమ్మాయికి తెలియదని కాదు, తెలుసు. కానీ నీ నోటి నుంచి ఆమె విన్నవన్నీ గీజర్ మాటలే. మిగతా ఇద్దరికైతే నువ్వు పాల లెక్క చూసే మనిషివిగానే తెలుసు. ‘వార్డెన్’ అనే పేరు అక్కడినుంచి వచ్చింది. వాళ్ళు అనడం సరైనదని చెప్పడం లేదు. వెనకాల నవ్వుకోవడం ఎవరికైనా బాధే.

నా సంగతి ఒకటి చెప్పనా? 1986లో మొదటి ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చి బర్కత్‌పురాలో ఇంకో అమ్మాయితో కలిసి ఒక గదిలో ఉన్నాను. కిరసనాయిలు స్టవ్ ఉండేది. ఆమె పొద్దున్నే దాని మీద స్నానానికి నీళ్ళు కాచుకునేది, కిరసనాయిలు తెచ్చేది మాత్రం ఎప్పుడూ నేనే. అడగడానికి మొహమాటం. అందుకని సీసా మీద పెన్నుతో చిన్న గీత పెట్టేదాన్ని. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే ముందు ఆ గీత చూసుకునేదాన్ని. ఏడు నెలలు అలా గడిచాయి. ఒకరోజు ఆమె సీసా ఎత్తి చూసి, ‘ఈ గీతలేంటి?’ అంది. నేనేం మాట్లాడలేదు. ఆమెకి అర్థమైంది. ‘ఒక్క మాట అడిగితే తెచ్చేదాన్ని కదా’ అని ఆ సాయంత్రమే రెండు లీటర్లు తెచ్చిపెట్టింది. నెల తిరగకుండా గది మారిపోయింది కూడా. కిరసనాయిలు వాడుకుంది ఆమే అయినా, చిన్నబోయింది నేను. ఫ్రిజ్ మీద నీ చీటీ గురించి చదవగానే నాకా సీసా గుర్తొచ్చింది.

కాబట్టి అడుగు. ఎలా అడగాలనేదే కష్టం, అందుకే వివరంగా రాస్తున్నాను. శనివారం రాత్రి వద్దు. గిన్నెలు తోముతూ ఆదివారం అసలే వద్దు, అప్పుడు నీ గొంతులో సగం గిన్నెల చప్పుడే ఉంటుంది. మామూలు రోజు, మంగళవారమో బుధవారమో, ఆఫీసు నుంచి వచ్చాక టీ తాగుదాం రమ్మని కిందికి తీసుకెళ్ళు. మిగతా ఇద్దరి ముందు ఎత్తకు, నలుగురిలో పరువు పోతే మనిషి బాకీ ఒప్పుకోడు, పోట్లాడతాడు. నెలవారీ లెక్క ముందే ఫోన్‌లో రాసుకో: ఏ నెల అద్దె ఎంత తగ్గింది, కరెంటు ఎంత, సరుకులు ఎంత. ‘నువ్వు నాకు 23,000 ఇవ్వాలి. నాకిప్పుడు కార్డు బిల్లు కట్టుకోవాలి. ఈ జీతంలో ఎంత ఇవ్వగలవు?’ ఇంతే. ‘ఏమనుకోకే’ అని మొదలుపెట్టకు. ‘నువ్వెప్పుడూ ఇంతే’ అని ముగించకు. అడిగాక ఆగు. ఆ మౌనం భరించలేక ‘సర్లే, వీలున్నప్పుడు ఇవ్వు’ అనేస్తావని నా భయం. అనకు.

‘ఫ్రెండ్స్ మధ్య డబ్బులేంటే’ అనొచ్చు. ‘ఫ్రెండ్‌వి కాబట్టే ఇన్నాళ్ళు ఆగాను’ అను, మళ్ళీ అంకె దగ్గరికి రా. ఇంకోటి కూడా జరగొచ్చు. ఆమె ఏడవచ్చు. జీతమంతా ఇంటికి పంపిస్తోందేమో, ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉందేమో, ఆ గోకర్ణ ఖర్చు కూడా అప్పేనేమో. నిజంగా కష్టంలో ఉంటే నెలకి ఐదేసి వేలు అని వాయిదాలు పెట్టుకోండి. అనుకున్నది అదే రాత్రి ఆమెకి మెసేజ్ పెట్టు: ఎంత, ఏ తారీఖుకి. అది నమ్మకం లేక కాదు. రెండు నెలల తర్వాత ‘అలా అనుకోలేదే’ అనే మాట రాకుండా.

ఇప్పుడు నీ కార్డు. నీకు ఇంగ్లీషులో చెబితే అదేదో పర్సంటేజీలా కనిపిస్తోంది, మీ నాన్న భాషలో చెబుతాను. కార్డు బాకీ మీద బ్యాంకులు నెలకు సుమారు మూడున్నర శాతం వేస్తాయి. అంటే నూటికి మూడున్నర రూపాయల వడ్డీ. మీ ఊళ్ళో నూటికి రెండు రూపాయలంటేనే గట్టి వడ్డీ. నూటికి మూడున్నరకి ఎవరైనా అప్పు తెస్తే ఆ ఇల్లు మునిగిందంటారు. నీ 41,000కి అది నెలకు 1,400 పైన, వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కలిస్తే దాదాపు 1,700. నువ్వు మినిమమ్ డ్యూ అని రెండు వేలు కట్టావనుకో, అసలులో తరిగేది మూడొందలు. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకినదానికి కూడా వడ్డీ లేని గడువు ఉండదు, ఆ రోజు నుంచే వడ్డీ మొదలు. శనివారం కాఫీకి కూడా నువ్వు వడ్డీ కడుతున్నావమ్మా. ఆ కార్డుని పర్సులోంచి తీసి బీరువాలో పెట్టు, ఫోన్ యాప్‌లలోంచి కూడా తీసెయ్. ఆ అమ్మాయి ఇచ్చే ప్రతి వాయిదా ఆ రోజే కార్డుకి కట్టు, నీ జీతంలోంచి ఇంకో ఆరేడు వేలు కలుపు. నాలుగైదు నెలల్లో బయటపడతావు.

వీకెండ్లు మానెయ్యమని చెప్పను. వారమంతా స్క్రీన్ ముందు కూర్చునే పిల్లలకి శనివారం బయట తిరగకపోతే పిచ్చెక్కుతుంది. నా అభ్యంతరం ఒక్కటే, ఆ ప్లాన్లలో నీది ఒక్కటీ లేదు. ‘బోర్ కొట్టకే’ అన్నప్పుడు రాననడం కాదు, నువ్వే ఒకటి వెయ్. ఆదివారం పొద్దున రాయదుర్గం నుంచి మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, నాంపల్లిలో దిగు. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి ఉంటాయి, రెండు మూడొందలకి సంచి నిండుతుంది. బంజారాహిల్స్‌లో లామకాన్ అని కళావేదిక ఉంది, నాటకమో పాటో ఏదో ఒకటి నడుస్తూనే ఉంటుంది, సమోసా టీ తాగుతూ ఎంతసేపైనా కూర్చోవచ్చు. గోల్కొండ ఎండ రాకముందే ఎక్కాలి. (బస్సులు ఫ్రీ కదా అనుకోకు, మహాలక్ష్మి పథకం తెలంగాణ చిరునామా ఉన్నవాళ్ళకే. నీ ఆధార్ ఇంకా మీ ఊరిదే అయితే టికెట్ కొనాల్సిందే.) ముగ్గురిలో ఒకరైనా నీతో వస్తారు. ఎవరూ రాకపోతే ఒక్కదానివే వెళ్ళు, ఒకటి రెండుసార్లు కొత్తగా ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది. వాళ్ళతో వెళ్ళినప్పుడు మాత్రం బిల్లు రాగానే అక్కడికక్కడే, టేబుల్ మీద ఉండగానే ఎవరి వాటా వాళ్ళు ఫోన్‌లో కొట్టెయ్యాలి. ‘తర్వాత’ అన్నది నీ కార్డు మీద ఇక చెల్లదు.

శనివారం రాత్రి గోల గురించి నలుగురూ కలిసి మాట్లాడుకోవాల్సిందే, ఇది ఒక్కరి విషయం కాదు. ఎవరు వస్తున్నారు, ఆడా మగా అన్న పంచాయితీ నాకొద్దు. పన్నెండయ్యాక పక్కింటివాళ్ళు అపార్ట్‌మెంట్ సెక్రటరీకి చెబితే, సెక్రటరీ ఓనర్‌కి చెబితే, ఓనర్ ఫోన్ చేసేది అగ్రిమెంట్‌లో పేరున్నవాళ్ళకే. అది నువ్వు. ఆ మాట వాళ్ళకి సూటిగా చెప్పు. ఎవరి ఫ్రెండ్స్ వస్తే వాళ్ళే ఆ రాత్రే గిన్నెలు కడిగి పడుకోవాలి. ఒక ఆదివారం నువ్వు తోమకుండా వదిలెయ్. సింకు కంపు కొడితే కొట్టనీ. నువ్వు తోముతున్నంతకాలం అవి ఎవరు తోముతున్నారో ఎవరికీ కనిపించదు.

ఫ్లాట్ ఇప్పుడే ఖాళీ చెయ్యకు. గడువుకి ముందే వెళ్ళిపోతే అడ్వాన్స్‌లో కోత పడొచ్చు, గడువు దాకా ఉన్నా మన హైదరాబాద్‌లో పెయింటింగ్ పేరు చెప్పి ఒక నెల అద్దె పట్టుకునే ఓనర్లు తక్కువేం లేరు. ఆ కోత నలుగురిదీ అని ఇప్పుడే అనుకోండి, లేకపోతే అదీ మీ నాన్న గెలల డబ్బులోంచే పోతుంది. మార్చిలో కొత్త అగ్రిమెంట్ రాస్తే నలుగురి పేర్లూ ఉండాలి. ఒప్పుకోకపోతే నువ్వు తప్పుకోవడానికి అదే మంచి టైమ్, జనవరిలోనే ఓనర్‌కి చెప్పి పెట్టు. అప్పటికీ ఆ అమ్మాయి బాకీ తీరకపోతే అడ్వాన్స్‌లో ఆమె 8,000 ఉంది, ఆమె ఒప్పుకుంటే అందులో సర్దుకోవచ్చు. మిగతాది వదులుకోవాల్సి రావచ్చు. స్నేహం ఉంటుందా పోతుందా అంటే, టీ కొట్టు దగ్గర నువ్వు అంకె చెప్పాక ఆమె ముఖం చూస్తే నీకే తెలుస్తుంది.

ఇక బ్రాకెట్లు. బోనస్ పడింది. గోకర్ణకో, కార్డుకో పోయింది. తమ్ముడి ఫీజు దగ్గర అమ్మకి లేదన్నావు. రూమ్మేట్ నీ డబ్బు తిరిగివ్వకుండా తన సరదాలకి వాడుకుంటోందని నీ బాధ. అదే పని నువ్వు ఇంకోచోట చేసి, దాన్ని రెండు గీతల మధ్య మూసిపెట్టావు. తిట్టడానికి అనడం లేదు తల్లీ. ఆదివారం రాత్రి నిద్ర పట్టట్లేదన్నావు కదా. ఆదివారం రాత్రే కదా అమ్మతో తీరిగ్గా ఫోన్ మాట్లాడేది?

అమ్మకి చెప్పు. ‘బోనస్ పడిందమ్మా, ఖర్చుపెట్టేశాను. నీకు అబద్ధం చెప్పాను. నెలకి ఇంత చొప్పున తమ్ముడికి పంపిస్తాను.’ ఆ ఫోన్‌లో రూమ్మేట్ ఊసు ఎత్తకు. ఎత్తావంటే అమ్మ కోపమంతా ఆమె మీదకి పోతుంది, నువ్వు ఊపిరి పీల్చుకుంటావు, అబద్ధం అలాగే ఉండిపోతుంది. అమ్మ అరుస్తుంది. వచ్చెయ్, సంబంధాలు చూస్తాం అంటుంది. ఆడపిల్ల అంత దూరంలో ఉందన్న భయంలో వచ్చే మాటది, తీర్పు కాదు. నెల నెలా డబ్బు పడుతుంటే ఆ మాట దానంతటదే పలచబడుతుంది. నాన్నకి అమ్మే చెబుతుంది, ఆ పని నువ్వు పెట్టుకోకు.

ఇవన్నీ అయ్యాక కూడా నిద్ర పట్టకపోయినా, ఆఫీసులో ఊరికే ఏడుపు వస్తున్నా, 14416కి ఫోన్ చెయ్. టెలీ మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. పిచ్చివాళ్ళు చేసే ఫోన్ అనుకోకు.

రూమ్మేట్‌ని టీకి ఈ బుధవారం పిలువు. అమ్మకి ఫోన్ దానికంటే ముందే చేస్తే నయం, ఆ అమ్మాయిని అడిగేటప్పుడు నీ గొంతు కాస్త గట్టిగా ఉంటుంది. ఫ్రిజ్ మీద చీటీ మాత్రం ఈ రాత్రికే తీసెయ్.