టెక్ సందేహాలు: బోటు క్యాబిన్‌కు కొత్త ఫ్లోరింగ్.. ఫోన్ కొలతలను ఎంతవరకు నమ్మొచ్చు?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో నాలుగు బోటు క్యాబిన్ ఫ్లోరింగ్ గురించే. ఇద్దరు గోదావరి వాళ్లు, ఒకరు విశాఖ నుంచి, ఒకరు అమెరికా నుంచి రాశారు. అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడినవే కాబట్టి నాలుగింటికీ ఒకేచోట జవాబిస్తున్నాను. ఫోన్లు, లాప్‌టాప్‌ల సంగతి వచ్చే వారం చూద్దాం.

మాది గోదావరి మీద తిరిగే ఫైబర్ మోటారు బోటు. క్యాబిన్‌లో కార్పెట్, దాని కింద ప్లైవుడ్ రెండూ పాడయ్యాయి. నా ఐఫోన్‌లో లైడార్ (లేజర్ కాంతితో దూరాలు కొలిచే సెన్సర్) ఉంది. దాంతో స్కాన్ చేసిన ఫైలు ఇస్తే సీఎన్‌సీ (కంప్యూటర్ ఫైలును బట్టి కోసే) మెషీన్ మీద ప్లై కోసిస్తామని షాపువాళ్లు అంటున్నారు. లేజర్ మీటరు కూడా కొనాలా? – రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు

స్కాన్ చేయండి. కానీ ఆ ఫైలుతో ప్లై మాత్రం కోయించకండి.

ఐఫోన్‌లలో లైడార్ 2020లో 12 ప్రో మోడళ్లతో వచ్చింది. ఎన్ని షీట్లు పడతాయి, బల్ల ఎక్కడ పెట్టొచ్చు లాంటి అంచనాలకు బాగా పనికొస్తుంది. వంపులు, ఇరుకు మూలలు, తెల్లగా మెరిసే ఫైబర్ గోడల దగ్గరికి వచ్చేసరికి సెంటీమీటరు తేడా రావడం మామూలే. నేలకూ గోడకూ మధ్య మీరు వదలాల్సిన సందేమో 3 నుంచి 5 మిల్లీమీటర్లు. కొలతలో తేడా ఆ సందును మించిపోతే షీటు ఒకచోట ఇరుక్కుంటుంది, ఇంకోచోట వేలు దూరేంత ఖాళీ మిగులుతుంది.

లేజర్ మీటరు 2 మి.మీ. అటూఇటూగా సరైన దూరమే చూపిస్తుంది. కానీ అది చెప్పేది మీరు గురిపెట్టిన చోటికి ఎంత దూరమో అంతవరకే. బోటు గోడ ముక్కు వైపు వెళ్లేకొద్దీ లోపలికి వంగుతుంది, పైకి వెళ్లేకొద్దీ బయటికి తెరుచుకుంటుంది. మీటరును నేల మీద కాకుండా నాలుగు అంగుళాలు పైన పట్టుకుంటే నేల దగ్గరి వెడల్పు కన్నా ఎక్కువ చూపిస్తుంది. ఇప్పటికే మీటరు ఉంటే వాడుకోండి. ఈ పని కోసమే కొనాల్సిన అవసరం లేదు.

లెవెల్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఫోన్‌లోని లెవెల్ యాప్, తనంతట తాను సర్దుకునే లేజర్ లెవెల్ రెండూ భూమి ఆకర్షణను బట్టే పనిచేస్తాయి. నీళ్ల మీద ఉన్న బోటులో ఒక మనిషి ఎడమ నుంచి కుడికి నడిస్తే చాలు, గీత పక్కకి పోతుంది. ఒడ్డుకు ఎక్కించినా కింద పెట్టిన దిమ్మెల వాలు బోటుకి వస్తుంది. లేజర్ లెవెల్ వాడాలంటే లోపలి లోలకాన్ని లాక్ చేసి, కేవలం తిన్నటి గీత వేయడానికి వాడండి. కొలతలకు ఆధారం మీ బోటే కావాలి. ముక్కు నుంచి వెనక దాకా సరిగ్గా మధ్యలో దారం బిగించి కట్టండి. అక్కడి నుంచి అడుగుకోసారి రెండు వైపులా కొలవండి. కుడివైపు కొలతే ఎడమవైపు వేసేయొద్దు. ఒకే అచ్చులో పోసిన బోటులో కూడా లోపల బల్లలు, అరలు బిగించేటప్పుడు తేడాలొస్తాయి.

ఇక అసలు ఆకారం తీయడానికి పడవలు కట్టేవాళ్లు వాడే పుల్ల పద్ధతిని మించింది లేదు. మూడడుగుల సన్నటి రీపరు తీసుకుని ఒక కొస పెన్సిల్ మొనలా చెక్కండి. ఒక పక్క అంచుకి గుర్తు తెలిసేలా అక్కడక్కడా ఒక్కో రకం గాటు పెట్టండి. నేల మధ్యలో అట్టముక్క పరిచి కదలకుండా టేపు వేయండి. రీపరు మొనను గోడ వంపు మీద ఒక చోట ఆనించి, అట్ట మీద పడిన భాగం చుట్టూ గాట్లతో సహా పెన్సిల్‌తో గీసి 1 అని నంబరు వేయండి. మొనను కొంచెం పక్కకి జరిపి 2, ఆ తర్వాత 3. వంపు ఎక్కువున్న చోట అంగుళానికొకటి, తిన్నగా ఉన్న చోట అడుగుకొకటి చాలు. అట్టను తీసి కొత్త షీటు మీద పరిచి, ప్రతి గీతలోనూ రీపరును గాట్లు కలిసేలా తిరిగి కూర్చోబెడితే దాని మొన గోడ ఎక్కడుందో అక్కడే ఆగుతుంది. ఆ చుక్కలన్నీ కలిపితే మీ క్యాబిన్ అంచు వస్తుంది. ఇందులో కొలత ఒక్కటి కూడా లేదు కాబట్టి లెక్క తప్పే ప్రసక్తి లేదు.

మీ ఫోన్ ఇప్పుడు పనికొస్తుంది. ఆ చుక్కలను ప్లై మీద కాకుండా ఇంకో పెద్ద అట్ట మీద పెట్టి, అంచు గీసి కత్తిరించండి. బోటులో పరిచి చూసుకుని, బయట చదునైన నేల మీద పెట్టి పైనుంచి నిటారుగా ఫొటో తీయండి. దగ్గర నుంచి వైడ్ లెన్స్‌తో తీస్తే అంచులు వంగుతాయి. నిచ్చెనెక్కి 2ఎక్స్ జూమ్‌తో తీయండి. ఫ్రేములో రెండు స్టీలు స్కేళ్లు ఎల్ ఆకారంలో పెట్టడం మరవొద్దు. ఫొటోను ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, స్కేలును బట్టి సైజు సరిచేసి, అంచు వెంట గీత గీసి డీఎక్స్‌ఎఫ్‌గా (కోత మెషీన్లు చదివే డ్రాయింగ్ ఫైలుగా) సేవ్ చేయండి. తర్వాత తెర మీద రెండు ఐమూలల పొడవు చూసి, టేపుతో అట్ట మీద కొలిచిన దాంతో పోల్చండి. రెండూ కలిస్తేనే ఫైలు షాపుకి పంపండి. ఒక షీటు లోంచి ఎన్ని ముక్కలు వస్తాయో తేల్చడానికి డీప్‌నెస్ట్ అనే మరో ఉచిత ప్రోగ్రాం ఉంది. ఎనిమిది బై నాలుగు షీటంటే 2440 బై 1220 మి.మీ. అని అందులో ఇవ్వాలి. మెషీన్‌లో తిరుగుతూ కోసే బిట్టు 6 మి.మీ. అయితే లోపలి మూలలు 3 మి.మీ. గుండ్రంగానే వస్తాయి, వాటిని ఉలితో మీరే తీసుకోవాలి. ముందు చవక బోర్డు మీద ఒకసారి కోయించి, బోటులో పెట్టి చూసుకున్నాకే మంచి ప్లై జోలికి వెళ్లండి.

ప్లై కొనేటప్పుడు ఫోన్‌తో ఇంకో పని ఉంది. మెరైన్ ప్లైవుడ్‌కి మన దేశంలో ఐఎస్ 710 ప్రమాణం. ఐఎస్ 303 అంటే మామూలు వాడకానికి ఉద్దేశించిన ప్లై. షీటు మీద ఐఎస్‌ఐ గుర్తుతో పాటు సీఎం/ఎల్ అనే లైసెన్సు నంబరు ఉంటుంది. భారతీయ ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే లైసెన్సు ఎవరిది, ఏ సరుకుకి, ఇప్పుడు చెల్లుతుందా అనేది తెలుస్తుంది. డబ్బు కట్టకముందే షాపులో నిలబడి చూసుకోండి. కోసిన అంచులకు, స్క్రూ రంధ్రాలకు ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే పూత) పట్టించకపోతే ఎంత మంచి ప్లై అయినా అంచు నుంచే నీళ్లు తాగుతుంది.

మీది ప్రయాణికుల బోటైతే సర్వే సర్టిఫికెట్ ఉంటుంది. 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం కిందకి మీ బోటు వస్తుంది. నేల ఎత్తు గానీ బరువు గానీ మారేలా ఉంటే పని మొదలుపెట్టకముందే సర్వేయరుతో మాట్లాడండి.

జార్జియాలో లేక్ లేనియర్ సరస్సు మీద వాడుకోవడానికి పాత క్యాబిన్ క్రూయిజర్ (లోపల పడకలున్న మోటారు బోటు) కొన్నాం. పెట్రోల్ ఇంజిన్. ఇళ్లలో వేసే క్లిక్‌లాక్ (ఒకదాని అంచులో ఇంకొకటి బిగుసుకునే) వినైల్ పలకలు నేనే వేద్దామనుకుంటున్నాను. ఏ తేమ మీటరు మంచిది? – అట్లాంటా నుంచి ఒక పాఠకురాలు

మీటరు కన్నా ముందు పెట్రోల్ సంగతి చూడాలమ్మా. పెట్రోల్ ఆవిరి గాలి కన్నా బరువు. అది కిందికి దిగి, బోటు అడుగున నీళ్లు చేరే బిల్జ్‌లో నిలబడుతుంది. మీరు తెరవబోయేది సరిగ్గా దాని పైకప్పునే. కార్డ్‌లెస్ డ్రిల్లు, రంపం, ఇంట్లో వాడే వ్యాక్యూమ్ క్లీనరు.. వీటి మోటార్లలో నిప్పురవ్వలు పుట్టొచ్చు. బిల్జ్‌లో పోగైంది పెట్రోల్ కలిసిన నీళ్లయితే దాన్ని వ్యాక్యూమ్‌తో లాగడం మరీ ప్రమాదం. ఇంజిన్ స్టార్ట్ చేసే ముందు కనీసం 4 నిమిషాలు బ్లోయరు (ఆవిరిని బయటికి పంపే ఫ్యాను) నడపమని అమెరికా కోస్ట్ గార్డ్ చెబుతుంది. మీరు నేల విప్పుతున్నారు కాబట్టి కిటికీలు, మూతలు అన్నీ తెరిచి, ఇంకా ఎక్కువసేపు గాలి ఆడనివ్వండి. పెట్రోల్ వాసన తగిలితే ఏ స్విచ్చీ వేయకండి. కారుతున్న చోటు బాగుచేయించాకే ఫ్లోరింగ్.

తేమ మీటరుకి రెండు పిన్నులున్న మామూలు రకం చాలు. చెక్కలో తేమ 20 శాతం దాటితే కుళ్లు పట్టే అవకాశం మొదలవుతుంది. అయితే ప్లైవుడ్‌లోని జిగురు వల్ల, ఉప్పు వల్ల రీడింగు మారుతుంది. అందుకే ఒక్క అంకెను పట్టుకుని నిర్ణయం తీసుకోవద్దు. ముందు బోటులోనే పొడిగా ఉందని తెలిసిన అర లోపలి చెక్క మీద గుచ్చి చూడండి. తర్వాత నేల మీద సుద్దతో అడుగుకో గడి గీసి, ప్రతి గడిలో గుచ్చి, వచ్చిన అంకె అక్కడే రాసి, పైనుంచి ఒక ఫొటో తీయండి. నీళ్లు ఏ మూల నుంచి వస్తున్నాయో ఆ ఫొటోలో కనిపిస్తుంది. చాలాసార్లు అది కిటికీ చట్రం కిందనో, ఏసీ నీళ్ల గొట్టం దగ్గరో తేలుతుంది. స్క్రూడ్రైవర్ పిడితో తట్టి కూడా చూడండి. గట్టి చెక్క టకటకలాడుతుంది, కుళ్లిన చెక్క మొద్దుగా మోగుతుంది. అలాంటి చోట కొత్త ప్లై వేయకుండా పైన వినైల్ పరిస్తే రెండేళ్లలో మళ్లీ ఇదే పని.

పలకల విషయానికొస్తే, రాతిపొడి కలిసిన ఎస్‌పీసీ రకం 4 మి.మీ. మందంలో చదరపు మీటరుకి 7, 8 కిలోలు తూగుతుంది. 10 చదరపు మీటర్ల క్యాబిన్‌కి అది ఒక పెద్దమనిషి బరువు. అన్నిటికన్నా నాకు నచ్చనిది ఏమిటంటే, క్లిక్‌లాక్ నేల మొత్తం ఒకే పలకలా అతుక్కుపోతుంది. ఎండలో మూసి ఉంచిన క్యాబిన్ వేడికి సాగి మధ్యలో లేస్తుంది. బిల్జ్ మూత తెరవాలంటే గోడ దగ్గర నుంచి వరస అంతా విప్పాలి. నీళ్లు లోపలికి వస్తున్న సమయంలో అంత తీరిక ఉండదు. మూత ఉన్నచోట విడిగా లేచే ముక్కలు ఉండాల్సిందే. షీటు వినైల్‌ను జిగురుతో అంటించి మూతల చుట్టూ కోసుకోండి, లేదా ఈవీఏ ఫోమ్ (రబ్బరులాంటి మెత్తటి షీటు) వేయండి. 6 మి.మీ. ఫోమ్ చదరపు మీటరుకి కిలోన్నర లోపే, తడి కాలికి జారదు. కుర్చీ కాళ్ల కింద నొక్కుకుపోతుందన్నదే దాని లోపం.

ఇంజిన్ గదికీ క్యాబిన్‌కీ మధ్య గోడలో నేల తీసినప్పుడు కనిపించిన ప్రతి రంధ్రాన్నీ మూసేయండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ (సీఓ) అనే విషవాయువు ఆ సందుల్లోంచే పడకల దగ్గరికి వస్తుంది. దానికి వాసన ఉండదు, అందుకే పడుకునే చోట బోట్ల కోసం తయారైన సీఓ అలారం కూడా పెట్టుకోండి.

మా హౌస్‌బోటుకి కొత్త నేల వేస్తున్నాం. కింద నీళ్లు చేరితే ఫోన్‌కి మెసేజ్ వచ్చే వైఫై సెన్సర్లు పెడదామని మా అబ్బాయి అంటున్నాడు. నమ్మొచ్చా? – దిండి నుంచి ఒక పాఠకుడు

అబ్బాయి ఆలోచన మంచిదే, కానీ దాన్ని రెండో వరసలో పెట్టండి. మొదటి వరసలో ఫ్లోట్ స్విచ్, దానికి వైరుతో కలిపిన సైరన్. నీళ్లు పెరిగితే ఫ్లోట్ లేస్తుంది, సైరన్ మోగుతుంది. మధ్యలో రౌటరు, నెట్, యాప్ ఏదీ లేదు. ఇది బ్యాటరీ నుంచి నేరుగా, విడి ఫ్యూజుతో రావాలి. సరంగు (బోటు నడిపే వ్యక్తి) రాత్రి మెయిన్ స్విచ్ ఆపేసి ఇంటికి వెళ్లినా అది పనిచేయాలి. పంపును నడిపే ఫ్లోట్ కన్నా దీన్ని కొంచెం ఎత్తులో బిగిస్తే, పంపు ఓడిపోయినప్పుడే మోగుతుంది.

ఆ తర్వాత సిమ్‌తో నడిచే అలారం బాక్సు ఒకటి పెడితే రేవులో ఎవరూ లేనప్పుడు మీకు మెసేజ్ వస్తుంది. ముందు ఏ నెట్‌వర్కుకి మీ రేవులో సిగ్నల్ నిలకడగా ఉందో క్యాబిన్ లోపల నిలబడి చూడండి. బాక్సును నేల కింద పెట్టొద్దు. తేమ పట్టకుండా పైన గోడకి బిగించి, వైరు మాత్రం కిందికి దించండి.

నేల మూసే ముందు ఒక గంట ఫోన్‌తో గడపండి. ప్రతి పైపు, వైరు, పంపు, వాల్వు పక్కన టేపు పరిచి, అంకెలు చదవడానికి వీలయ్యేలా ఫొటో తీయండి. ఫొటో మీదే వేలితో గీసి "ముందు గోడ నుంచి 84 సెం.మీ., నీళ్ల పంపు" అన్నట్టు రాసుకోండి. వాటిని ఒక ఫోల్డరులో వేసి సరంగుకీ, ఎలక్ట్రీషియన్‌కీ వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపండి. మామూలు ఫొటోగా పంపితే క్వాలిటీ తగ్గి అంకెలు చెదిరిపోతాయి. కొత్త నేలకి స్క్రూ వేసిన ప్రతిసారీ కింద ఏముందో ఈ ఫొటోలే చెబుతాయి. మీ దగ్గర నీళ్లలో ఉప్పు కలుస్తుంది కాబట్టి స్క్రూలు 304 రకం కాకుండా 316 స్టెయిన్‌లెస్ స్టీలువే అడిగి తీసుకోండి.

బోటు నేల అంచులకు ఎపాక్సీ పూస్తున్నాను. ఒకసారి రెండు రోజులైనా ఆరలేదు, ఇంకోసారి డబ్బాలోనే పొగలొచ్చింది. వంటింటి డిజిటల్ స్కేలుతో తూచి కలపొచ్చా? – విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు

తూచడం మంచి పద్ధతే. ఒక గ్రాము దాకా చూపించే స్కేలు చాలు. కానీ డబ్బా మీద రాసిన పాళ్లు బరువుకా, కొలగిన్నెకా చూడండి. రెజిన్, హార్డెనర్ సాంద్రతలు వేరు కాబట్టి రెండు లెక్కలూ ఒకటి కావు. పాళ్లు తప్పినందుకే మీది ఆరకపోయి ఉండొచ్చు. హార్డెనర్ ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడుతుందనుకోవడం కూడా పొరపాటే. మిగిలిన హార్డెనర్ లోపల మెత్తగా ఉండిపోతుంది.

పొగ రావడానికి కారణం వేడి. రెజిన్ గట్టిపడుతూ తనంతట తానే వేడెక్కుతుంది, లోతైన డబ్బాలో ఆ వేడి బయటికి పోలేదు. పైగా వాతావరణంలో 10 డిగ్రీలు పెరిగితే పని చేసుకునే సమయం దాదాపు సగమవుతుంది. కొద్దికొద్దిగా కలిపి వెంటనే వెడల్పాటి పళ్లెంలో పోసుకోండి, ఫోన్‌లో టైమరు పెట్టుకోండి, ఎండాకాలంలో పొద్దున్నే పని ముగించండి. మొదటి పూత గట్టిపడ్డాక చేతికి జిడ్డుగా మైనంలాంటి పొర తగిలితే, మంచినీళ్లూ స్క్రబ్బరుతో కడిగి ఆరనిచ్చి, ఆ తర్వాతే ఉప్పుకాగితం పట్టండి. కడగకుండా రుద్దితే ఆ పొర చెక్కలోకి నలిగి రెండో పూత ఊడివస్తుంది.