ప్రశ్న-జవాబు: కిట్టు అయిపోయింది, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడేళ్లండి. పుట్టినరోజుకి లైన్ ఫాలోయర్ రోబో కిట్టు కొనిచ్చాం. బుక్కులో ఉన్నట్టే బిగించి సాయంత్రానికల్లా పూర్తి చేసేసింది, నల్ల టేపు మీద బుజ్జిగా నడిచింది, అందరం చప్పట్లు కొట్టాం. మర్నాటి నుంచి అల్మారాలోనే ఉంది. ఇంకా పెద్ద కిట్టు కొనాలా, లేక రోబోటిక్స్ కోచింగ్‌లో చేర్పించాలా?

జవాబు: ఆగండాగండి, పర్సు తియ్యకండి. ఆ కిట్టు మీరింకా సగం కూడా వాడలేదు. బొమ్మ చూసి బిగించడమూ మంచిదే, చేతికి స్క్రూడ్రైవర్ అలవాటవుతుంది, కానీ ఆ బుక్కులో ప్రతిదీ ముందే ఎవరో ఆలోచించి పెట్టేశారు కదా, పాపకి ఆలోచించడానికి ఏం మిగిలింది? ఇప్పుడు ఆ రోబోని చెడగొట్టమనండి. నిజంగానే అంటున్నా. దాని కింద రెండు సెన్సర్లు ఉంటాయి చూడండి, అవి కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు నేల మీదకి కొడతాయి, తెల్లటి చోట అది తిరిగొస్తుంది, నల్ల టేపు మీద చాలావరకు ఇంకిపోతుంది, ఆ తేడా పట్టుకునే బండి పక్కకి తిరుగుతుంది. మరి ఆ సెన్సర్లని రెండు సెంటీమీటర్లు ముందుకి జరిపితే? చక్రాలకి దగ్గరగా లాగితే? స్పీడు పెంచుకుంటూ పోతే ఏ మలుపు దగ్గర గీత తప్పుతుంది? ఎండ పడే కిటికీ పక్కన పెడితే పిచ్చిపట్టినట్టు తిరగొచ్చు, ఎందుకో తనే కనుక్కోవాలి (ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది, మీరు మాత్రం చెప్పకండి). ఒకసారికి ఒక్కటే మార్చి, ఏం మార్చిందో, ఏమయిందో రాసుకోమనండి. రెండు ఒకేసారి మారిస్తే దేనివల్ల ఏమైందో బ్రహ్మకి కూడా తెలీదు.

ఇది నా సొంత తెలివి కాదులెండి. 1967లో పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ భాష తయారుచేసిన వాళ్లలో సీమోర్ పేపర్ట్ ఒకాయన, ప్రోగ్రాం తప్పితే అందులో బగ్ వెతుక్కోవడమే అసలు చదువని ఆయన వాదన.

కోచింగ్ అంటారా, చేర్చే ముందు ఒక క్లాసు కూర్చుని చూడండి. బల్లల మీద రోబోలన్నీ అచ్చు ఒకేలా ఉంటే వెనక్కొచ్చేయండి. "ఇలా ఇవ్వు, నేను చేస్తా" అని సార్ పిల్లల చేతిలోంచి లాక్కుంటున్నా అంతే. ఇంట్లో నాన్నలూ ఇదే పని చేస్తారనుకోండి, నేనూ చేశాను.

ప్రశ్న: సార్, నాకు పదహారేళ్లు. ఆర్డ్యునో ఊనో (మనం రాసిన ప్రోగ్రాంతో నడిచే చిన్న సర్క్యూట్ బోర్డు) పిన్‌కి చిన్న డీసీ మోటర్ డైరెక్ట్‌గా పెట్టా. తిరగట్లేదు, బోర్డేమో మాటిమాటికీ రీసెట్ అవుతోంది. కోడ్ నాలుగుసార్లు చూశా, తప్పేం లేదు.

జవాబు: కోడ్ వదిలెయ్ తమ్ముడూ. నీది ఊనో R3 రకం బోర్డయితే ఆ పిన్ 20 మిల్లీ ఆంపియర్ల దాకా హాయిగా ఇస్తుంది, 40 దాటితే చిప్పుకే ప్రమాదం. మోటరేమో కదిలే క్షణంలో వందల మిల్లీ ఆంపియర్లు లాగేస్తుంది, దాంతో వోల్టేజీ పడిపోయి బోర్డు మళ్లీ మొదలవుతోంది. మోటర్‌కి వేరే బ్యాటరీ పెట్టు, పిన్‌తో ట్రాన్సిస్టర్‌ని (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని నడిపే స్విచ్చు లాంటిది) మాత్రమే ఆన్ ఆఫ్ చెయ్, పిన్‌కీ దాని బేస్ అనే కాలికీ మధ్య ఒక రెసిస్టర్ (కరెంటుని తగ్గించేది) ఉండాలి. మోటర్‌కి అడ్డంగా డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) రివర్స్‌లో వెయ్, లేకపోతే ఆపిన ప్రతిసారీ కాయిల్ వెనక్కి తన్నే వోల్టేజీకి ట్రాన్సిస్టర్ పోతుంది. గ్రౌండ్లు రెండూ, అంటే బ్యాటరీ నెగటివ్, బోర్డు GND పిన్, కలిపావో లేదో చూసుకో, చాలామంది అక్కడే గంటలు గంటలు ఇరుక్కుంటారు. ఇదంతా చేసేముందు ఆ పిన్‌కి రెసిస్టర్‌తో ఒక ఎల్ఈడీ పెట్టి చూడు, పాపం ఇంకా బతికుందో లేదో.

ప్రశ్న: మా పదేళ్ల బాబు పాత వస్తువు కనిపిస్తే చాలు విప్పేస్తున్నాడు. ఆపాలా?

జవాబు: ఆపకండి, కానీ ఏవి ఇవ్వకూడదో ముందే చెప్పండి. మైక్రోవేవ్ వద్దు, ప్లగ్గు తీసేశాక కూడా లోపల కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత చార్జ్ ఉండిపోవచ్చు. పాత డబ్బా టీవీ కూడా అంతే. ఫోన్ బ్యాటరీకి స్క్రూడ్రైవర్ గుచ్చుకుంటే మంటలొస్తాయి, అదీ పక్కన పెట్టండి. పాడైన ప్రింటర్ ఉంటే వైరు పీకేసి, పవర్ సప్లై డబ్బా మీరే తీసేసి ఇవ్వండి, లోపల మోటర్లు, గేర్లు, స్టీలు రాడ్లు బోలెడు దొరుకుతాయి, వారం రోజులు మీ జోలికి రాడు. స్ప్రింగులు ఎగిరొస్తాయి కాబట్టి కళ్లజోడు తప్పనిసరి. స్క్రూలు వేసుకోడానికి ఒక డబ్బా కూడా ఇవ్వండి, లేకపోతే అవన్నీ మీ కాళ్ల కిందే దొరుకుతాయి.