చెరువు నీళ్ల మీద పరిశోధన అంటోంది మా అమ్మాయి... భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ ఫైనలియర్. కేరళలో అమీబా జబ్బు వార్తలు చూసినప్పటి నుంచి చెరువు నీళ్లలోని సూక్ష్మజీవుల మీదే పరిశోధన చేస్తానంటోంది. మేమేమో బీఈడీ చేయమంటున్నాం. ఆ దారిలో ఉద్యోగాలుంటాయా? ప్రమాదం కాదా?
- ఒక తండ్రి, సూర్యాపేట

జవాబు: ముందు మీ భయం సంగతి చూద్దాం. నేగ్లేరియా ఫౌలెరీ అనే ఆ అమీబా వెచ్చని చెరువులు, కుంటల్లో బతుకుతుంది. ఆ నీళ్లు తాగితే ఈ జబ్బు రాదు. ఈత కొట్టేటప్పుడు ముక్కులోకి పోతే, వాసన తెలిపే నరం వెంట మెదడుకు చేరుతుంది. సోకినవాళ్లలో నూటికి 95 మందికి పైగా చనిపోతారు. అయినా 2024లో కోజికోడ్‌లో 14 ఏళ్ల అబ్బాయి బతికి బయటపడ్డాడు. జబ్బును త్వరగా గుర్తించి మందులు మొదలుపెట్టడం వల్లే అది సాధ్యమైంది. అలా గుర్తించాలంటే ఈ క్రిములను చదివినవాళ్లు ఉండాలి కదా! ఇక పరిశోధనకు నీటి నమూనాలు తీయడమంటారా, గ్లౌజులు వేసుకుని గట్టు మీద నుంచో పడవలోంచో సీసాల్లో పడతారు. ఎవరూ నీళ్లలో మునగరు.

ఈ చదువు జనానికి ఎంత పనికొస్తుందో చెప్పడానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటుంది. కలరా క్రిములు నీళ్లలోని కంటికి ఆనని చిన్న జీవులను అంటిపెట్టుకుని ఉంటాయని అమెరికా సూక్ష్మజీవ శాస్త్రవేత్త రీటా కోల్వెల్ బృందం గమనించింది. పాత చీరను మడతలు వేసి నీళ్లు వడకట్టుకోమని బంగ్లాదేశ్ పల్లెల్లో నేర్పింది. అక్కడ కలరా దాదాపు సగానికి తగ్గింది. ఆ ఫలితం 2003లో వచ్చింది.

ఉద్యోగాల విషయం ఉన్నదున్నట్టు చెబుతాను. ఒక్క బీఎస్సీతో చిన్న ల్యాబ్ ఉద్యోగాలే దొరుకుతాయి. ఎమ్మెస్సీ చేయాల్సిందే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కోసం సీయూఈటీ పీజీ, మన రాష్ట్ర యూనివర్సిటీల కోసం సీపీగెట్, ఈ రెండు ప్రవేశ పరీక్షలూ రాయించండి. ఎమ్మెస్సీ ప్రాజెక్టు మాత్రం నీళ్ల మీదే తీసుకోమనండి. నీళ్లలోని సూక్ష్మజీవుల్లో చాలావాటిని ల్యాబ్ ప్లేటు మీద పెంచలేం, డీఎన్‌ఏ ద్వారానే పట్టుకోవాలి. అందుకే పీసీఆర్‌తో (కొద్దిపాటి డీఎన్‌ఏను లెక్కలేనన్ని నకళ్లుగా పెంచి గుర్తించే పద్ధతి) పాటు స్టాటిస్టిక్స్ కూడా గట్టిగా రావాలి. మన పిల్లలు ఎక్కువగా వెనకబడేది ఈ రెండో దాంట్లోనే.

తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు రూ.37,000, పైగా ఇంటి అద్దె భత్యం. పీహెచ్‌డీ ఖర్చు మీ మీద పడదు. 2020లో మురుగునీటిలో కరోనా జాడలు వెతికిన జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ హైదరాబాద్‌లోనే ఉంది. నాగ్‌పూర్‌లో పర్యావరణ పరిశోధన సంస్థ నీరి (NEERI) ఉంది. పీహెచ్‌డీ వద్దనుకుంటే ఎమ్మెస్సీతో నీటి పరీక్షా కేంద్రాలు, కాలుష్య నియంత్రణ మండళ్లు, మందుల కంపెనీల ల్యాబ్‌లు ఉన్నాయి. పర్మనెంట్ సైంటిస్టు పోస్టు వచ్చేసరికి మాత్రం ఆమె వయసు ముప్పై ఏళ్లు దాటొచ్చు. పెళ్లి టెన్షన్ పెట్టుకోకుండా ఆ సమయం ఆమెకు ఇవ్వగలరా అన్నది ఇంట్లో అందరూ కూర్చుని ఇప్పుడే మాట్లాడుకోండి.

బీఈడీ ఎమ్మెస్సీ తర్వాత కూడా చేసుకోవచ్చు. సీయూఈటీ పీజీ దరఖాస్తులు సాధారణంగా డిసెంబరు, జనవరిలోనే మొదలవుతాయి. ఆ తేదీ దాటిపోనివ్వకండి.